"ఇప్పుడు చైనా తల్లులు అర్థమయ్యారు" అన్నారు. మీరైతే ఏమనేవారు?

రెండోముద్రణ

మా ఊరి (న్యూజెర్సీ) గ్రంథాలయంలో నెలకోసారి ఒక నవల చదివి మాట్లాడుకునే బృందం ఉంది. పన్నెండు మందిమి. నేను తప్ప అందరూ తెల్లవాళ్లే, ఎక్కువమంది రిటైరైనవాళ్లు, మనసున్నవాళ్లు. ఈ నెల ఏమీ టాన్ 'జాయ్ లక్ క్లబ్'. 1989 నాటి పుస్తకం. నలుగురు చైనా తల్లులు, అమెరికాలో పుట్టిన నలుగురు కూతుళ్లు, మధ్యలో మాజాంగ్ ఆట. నాకు నచ్చింది. రెండు చోట్ల కళ్లు తుడుచుకున్నాను కూడా.

వెళ్లేసరికి బల్ల మీద పళ్లెం నిండా ఫార్చూన్ కుకీలు, అంటే ఇక్కడి చైనా హోటళ్లలో ఇచ్చే, లోపల చీటీ ఉండే బిస్కెట్లు. పుస్తకానికి తగ్గ చిరుతిండి అట. ఆ బిస్కెట్ పుట్టుక జపాన్‌ది, పెరిగింది కాలిఫోర్నియాలో. ఆ నవలలోనే ఇద్దరు తల్లులు కుకీల ఫ్యాక్టరీలో వేళ్లు కాల్చుకుంటూ పనిచేస్తారు, లోపల పెట్టే చీటీలు చదివి ఇవి చైనా సామెతలని ఎవరు చెప్పారా అని నవ్వుకుంటారు. ఆ పేజీలు చదివి వచ్చినవాళ్లే ఈ పళ్లెం పెట్టారు.

చర్చ మొదలైన పది నిమిషాలకు ఒకావిడ "ఇప్పుడు నాకు చైనా తల్లులు అర్థమయ్యారు" అన్నారు. అందరూ అవునన్నట్లు తల ఊపారు. ఆ తరవాత అన్ని తలలూ నా వైపు తిరిగాయి. "మీ దగ్గరా ఇంతేనా?"

నేనూ ఊపాను. ఎందుకు ఊపానో ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతున్నప్పుడు కూడా అర్థం కాలేదు. నా పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా అమ్మ అరుగు మీద కూర్చుని పనసకాయ కొట్టిస్తోంది. పొట్టు సన్నగా రావడం లేదని ఆ మనిషితో గొడవ. నా మార్కులు సాయంత్రం దాకా అడగలేదు.

ఈ పుస్తకాలు మనలాంటివాళ్లకు మేలు చేస్తున్నాయా, కీడు చేస్తున్నాయా? లేక నాదే మరీ సున్నితమైన చర్మమా?

కాకినాడ_కాజా

పన్నెండు మందిలో మీరొక్కరే అంటే, ఆ గంటసేపు దేశం మొత్తానికి మీరే రాయబారి. జీతం అడగండి.

పాతపుస్తకం

మీ చర్మానికేమీ కాలేదు. యాభై ఏళ్లుగా అక్కడి ఆసియా మూలాల రచయితలు ఈ విషయం మీదే జుట్లు పట్టుకుంటున్నారు. 1974లో ఫ్రాంక్ చిన్, మరో ముగ్గురు కలిసి 'ఆయ్‌యీ!' అనే ఆసియా అమెరికన్ రచనల సంకలనం తెచ్చారు. పేరే ఒక వెక్కిరింత. సినిమాల్లో, కామిక్ పుస్తకాల్లో ఆసియా మనిషి చచ్చేటప్పుడు పెట్టే కేక అది. వాడికి సంభాషణలు ఉండవు, కేక ఉంటుంది. అప్పటిదాకా సగటు అమెరికన్ పాఠకుడికి తెలిసిన చైనావాళ్లు ఇద్దరు: 1912లో పుట్టిన ఫూ మాంచూ అనే దుర్మార్గుడు, 1925లో వచ్చిన చార్లీ చాన్ అనే అతివినయపు డిటెక్టివ్. ఇద్దరినీ కన్నది తెల్ల రచయితలే.

ఇక చిన్ వాదన ఏమిటంటే, మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్, ఏమీ టాన్ వంటివాళ్లు తెల్లవాళ్ల మనసులో ముందునుంచీ ఉన్న బొమ్మకే రంగులద్ది తిరిగి వాళ్లకే అమ్మారని. ఉదాహరణ: కింగ్‌స్టన్ 'ది ఉమన్ వారియర్' (1976)లో ములాన్ (మగవేషంలో యుద్ధానికి వెళ్లిన చైనా గాథానాయిక) వీపు మీద తల్లిదండ్రులు కత్తితో అక్షరాలు చెక్కుతారు. ములాన్ గాథలో అది లేదు. వీపు మీద అక్షరాలున్నది యుయె ఫెయ్ అనే సేనాని కథలో. మగవాడి కథలోని గాయం తెచ్చి ఆడపిల్ల వీపు మీద పెట్టి, చూడండి చైనా క్రూరత్వం అన్నారని ఆయన మంట. నాకు ఆ మంటలో న్యాయం కనిపిస్తుంది.

బోస్టన్_బామ్మ

ఆ మంటలో సగం మగతనం గురించి లెండి. ఆసియా మగవాణ్ణి మగవాడిగా చూపలేదని ఆయన ముందునుంచీ కుములుతూ వచ్చారు. పుస్తకాలు బాగా అమ్ముడైనవి ఆడవాళ్లవి కావడం ఆ కుంపటికి విసనకర్ర.

అయినా కథను మార్చితే తప్పేమిటి? ఓల్గా సీతను తీసుకెళ్లి శూర్పణఖ తోటలో కూర్చోబెట్టారు. వాల్మీకిలో ఉందా అది? ఆ కథలున్న 'విముక్త'కు సాహిత్య అకాడమీ పురస్కారం ఇచ్చాం. మన రచయిత్రి చేస్తే పునర్దర్శనం, కాలిఫోర్నియాలో పుట్టిన చాకలిదుకాణం వాళ్ల అమ్మాయి చేస్తే కల్తీనా?

పాతపుస్తకం

బామ్మగారూ, ఇది మంచి ప్రశ్న. రాత్రి పడుకునే ముందు దాని గురించే ఆలోచించాను.

తేడా పాఠకుల్లో ఉంది. ఓల్గా కథ చదివే తెలుగువాడికి అసలు సీత కథ ఉగ్గుపాలతో వచ్చింది. ఎక్కడ మలుపు తిప్పారో వాడికి తెలుసు. ఆ మలుపే కథ. కింగ్‌స్టన్‌ను చదివిన అమెరికన్‌కు 1976లో ములాన్ ఎవరో తెలియదు. మార్చినదే అసలు అనుకున్నాడు. పైగా ప్రచురణకర్తలు ఆ పుస్తకాన్ని నవల అనలేదు, జ్ఞాపకాలు అన్నారు. జాతీయ విమర్శకుల బహుమతి కూడా కాల్పనికేతర విభాగంలో వచ్చింది. ఊహకు పత్రం రాసి రిజిస్టర్ చేయించినట్లయింది.

బోస్టన్_బామ్మ

ఆ మాట ఒప్పుకుంటాను. అయితే తప్పు ఆవిడది ఎలా అయింది? అమెరికన్ సమీక్షకులు తన పుస్తకాన్ని ఎలా తప్పుగా చదివారో ఆవిడే 1982లో పెద్ద వ్యాసం రాశారు. 'తూర్పుదేశపు నిగూఢత' అంటూ మెచ్చుకున్నవాళ్లను కూడా వదలలేదు. తాను ఒక మనిషినే గానీ జాతికి ప్రతినిధిని కాదని ఆవిడ వాదన. రెండోముద్రణ గారు బల్ల దగ్గర అనలేకపోయిన మాట అదే కదా.

లెక్కలమాస్టారు

మీరంతా పుస్తకాల్లో ఉన్నారు, నేను చట్టం దగ్గరకు వెళతాను. 1882లో చైనా కూలీలు రాకుండా అమెరికా తలుపు మూసింది. 1943 దాకా తీయలేదు. 1965 చట్టంతో దేశాలవారీ పాత కోటాలు పోయి, చదువూ వృత్తీ ఉన్నవాళ్లకు, అక్కడ ఉన్నవాళ్ల బంధువులకు దారి తెరిచారు. డాక్టర్లు, ఇంజనీర్లు దిగారు. వాళ్ల పిల్లలు చదువుల్లో ముందుండరా మరి? 1966లో ఒక సామాజికవేత్త న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో జపాన్ మూలాలవారి విజయగాథ అని వ్యాసం రాశాడు. అక్కడినుంచి 'ఆదర్శ మైనారిటీ' అనే బిరుదు ఆసియావాళ్లందరికీ అంటుకుంది. నల్లవాళ్లు హక్కులు అడుగుతున్న రోజుల్లో, వీళ్లను చూసి నేర్చుకోండి అని చెప్పడానికి పనికొచ్చే బిరుదు.

జల్లెడ పట్టి తెచ్చుకుని, ఆహా ఈ దేశపు పిండి ఎంత మెత్తగా ఉందో అన్నట్లు. నవలల్లో అందరూ ప్రొఫెసర్లూ డాక్టర్లే ఎందుకో దీన్ని బట్టి తెలుస్తుంది.

కాకినాడ_కాజా

మాస్టారూ, మా తమ్ముడు కూడా జల్లెడలోంచే వచ్చాడు. వాణ్ణి చూస్తే మీ సిద్ధాంతం మార్చుకుంటారు.

చిన్నకోడలు

నేను కొంచెం ఎదురుమాట చెబుతాను. మూసపాత్రలని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఝుంపా లాహిరి తొలి కథాసంపుటి (1999, మరుసటి ఏడు పులిట్జర్) లో మిసెస్ సేన్ కథ ఉంది. భర్త ప్రొఫెసర్. ఆవిడ ఒక తెల్ల పిల్లవాణ్ణి బడి అయ్యాక చూసుకుంటూ ఉంటుంది. ఆ పిల్లవాడి కళ్లతో చూస్తాం: ఆవిడ నేల మీద పేపర్లు పరిచి, వంపు తిరిగిన కత్తి ముందు కూర్చుని కూరగాయలు తరుగుతుంది. కత్తి కదలదు, కూరగాయే కదులుతుంది.

అది మన కత్తిపీట. నేను 2004లో వచ్చినప్పుడు మా అత్తగారు సూట్‌కేస్ అడుగున పాత నేతచీరలో చుట్టి పెట్టిన వస్తువు. కొబ్బరి కోరుకు పళ్లున్న రకం, కొస పసుపుపచ్చగా ఉంటుంది, ఎంత తోమినా పోదు. ఇక్కడి అపార్ట్‌మెంట్ వంటింట్లో దాన్ని నేల మీద వేసి కూర్చుంటే పొయ్యి తలుపు మోకాలికి తగిలేది. వంకాయ తరుగుతూ ఎంతమంది ఏడ్చారో నాకు తెలియదు, నేను ఏడ్చాను. ఆ కథ చదివేదాకా ఇంగ్లీషులో కత్తిపీటకు చోటు ఉంటుందని అనుకోలేదు.

అది చూసి ఎవరైనా 'భారతీయ స్త్రీలు నేల మీద కూర్చుంటారు' అని రాసుకుంటే రాసుకోనివ్వండి. నాకు ఆ కథ కావాలి.

రెండోముద్రణ

చిన్నకోడలు గారూ, ఆ కత్తిపీట ఇంకా ఉందా?

చిన్నకోడలు

ఉంది. గరాజ్‌లో. మా అబ్బాయి దాన్ని బడిలో 'మా సంస్కృతి' రోజున చూపిస్తానన్నాడు. ఆయుధం కింద లెక్కేస్తారని వద్దన్నాను. గోరింటాకు గొట్టం పట్టుకెళ్లాడు.

నాలుగోవరుస

అందరూ లాహిరి అంటున్నారు కాబట్టి ఒక మాట. ఆ పుస్తకాల్లో ఇంటిపేర్లు చూడండి: గంగూలీ, సేన్, దాస్. పండగకు పట్టుచీర, పెట్టెలో తాతగారి ఉత్తరం, గోడ మీద చిత్రపటం. బాగుంటాయి. అయితే మా పేటలో ఆ గోడ కూడా లేదు.

మా ఆఫీసులో ఒకాయన ఆ నవలలు చదివి నన్ను "మీరూ శాకాహారులేనా, ఇంట్లో పూజగది ఉందా" అని అడిగాడు. ఆయన 'భారతీయ సంస్కృతి' అనుకుంటున్నది నాకూ పరాయిదే. తెల్లవాడు మన గురించి వేసుకున్న మూస గురించి గంటలు మాట్లాడతాం. మనలో కొందరు అందరి తరఫునా నిలబడి ఫొటో దిగారని ఎవరూ అనరు.

సుజాత గిడ్ల 2017లో తన దళిత కుటుంబ కథ ఇంగ్లీషులో రాశారు. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ. మేనమామ కె.జి. సత్యమూర్తి, మన విప్లవకవి శివసాగర్. అది నవల కాదు, నాకు తెలుసు. నవలల్లో అలాంటి ఇల్లు నాకు ఇంకా తారసపడలేదు కాబట్టే ఆ పేరు చెబుతున్నాను.

పాతపుస్తకం

నాలుగోవరుస గారూ, ఈ మాట మొదటి రోజే రావలసింది. మాకు తట్టలేదు.

మగ్గంగుంట

తెలుగు ఊళ్ల గురించి ఇంగ్లీషులో నవల వచ్చిందా అంటే వచ్చింది. శోభా రావు 'గర్ల్స్ బర్న్ బ్రైటర్', 2018. ఏడేళ్ల వయసులో అమెరికా వెళ్లిన రచయిత్రి. ఇంద్రవల్లి అనే ఊరు, నేతపని ఇల్లు, పూర్ణిమ, సవిత అనే ఇద్దరు అమ్మాయిల స్నేహం. అక్కడినుంచి మొదలై అమెరికా దాకా వెళుతుంది కథ. దారి పొడవునా హింసే.

మాది మంగళగిరి వైపు. మా నాన్న గుంటమగ్గం మీద నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది, నేను బడి నుంచి వచ్చి ఆసు దగ్గర కూర్చునేవాణ్ణి. కష్టం అబద్ధమని అనను. మాస్టర్ వీవర్ దగ్గర అప్పు ఎలా పెరుగుతుందో నాకు పుస్తకం చెప్పనక్కరలేదు. కానీ ఆ నవలలో దయ ఉన్న మగవాడి కోసం వెతుక్కోవాలి. ఎవరూ నవ్వరు. మా వాకిట్లో పడుగు సరిచేసేటప్పుడు నలుగురు చేరితే ఒకరి మీద ఒకరు వేసుకునే జోకులకు మా నాన్న పోగు తెంపేవాడు. ఆ పోగు ఈ పుస్తకంలో లేదు.

అమెరికాలో దానికి వచ్చిన మెప్పు చూస్తే అనుమానం వస్తుంది. మన దుఃఖానికి అక్కడ గిరాకీ ఉంది, మన హాస్యానికి లేదు.

సుబ్బమ్మ_మనవరాలు

మగ్గంగుంట గారూ, మీరు వాకిట్లో జోకులు విన్నారు. వంటింట్లో ఆడవాళ్లకు వినిపించినవి వేరై ఉండవచ్చు. ఆ నవలలో అత్తా భర్తా కలిసి పూర్ణిమ ముఖం మీద కాగే నూనె పోస్తారు. మా ఊళ్లో అదే పని కిరోసిన్‌తో జరిగింది, 1990లలో. ఆవిడ మా అమ్మకు వరసకు అక్క. ఊరంతా 'స్టవ్ పేలింది' అన్నారు.

పరువు పోతుందని రాయకూడదా? తెల్లవాళ్లు ఏమనుకుంటారో అని మనం నోరు మూసుకుంటే, స్టవ్ పేలిందని చెప్పినవాళ్లకూ మనకూ తేడా ఏమిటి?

మగ్గంగుంట

రాయకూడదని నేను ఎక్కడా అనలేదు.

సుబ్బమ్మ_మనవరాలు

గిరాకీ అన్నారు.

వేదిక_నిర్వాహకుడు

ఇద్దరూ పుస్తకం మీద ఉండండి. చర్చ బాగా సాగుతోంది, తాళం వేయించకండి.

మగ్గంగుంట

గిరాకీ అన్నది ప్రచురణకర్తల గురించి, బాధితుల గురించి కాదు. అయినా ఆ మాట ఇక్కడ పడిన తీరు బాగాలేదు. మీ పెద్దమ్మగారి సంగతి తెలియక అన్నాను.

మౌనశ్రోత

మూడేళ్లుగా చదువుతున్నాను, ఇదే మొదటి పోస్టు. మూస అనేది తెల్లవాళ్ల సొత్తు అన్నట్లు మాట్లాడుతున్నారు. మన అమెరికా తెలుగు కథలు తీయండి. తెల్లవాళ్లందరూ విడాకులు తీసుకున్నవాళ్లు. పక్కింటి ముసలావిడకు పిల్లలు క్రిస్మస్‌కు కార్డు పంపుతారు, అంతే. నల్లవాడు వస్తే పార్కింగ్ లాట్‌లో, అదీ చీకట్లో. కొడుకు ఇంటికొచ్చిన తల్లిదండ్రులు కిటికీలోంచి మంచు చూస్తూ ఊరి వేపచెట్టును తలుచుకుంటారు. మెక్సికన్ గడ్డి కోస్తాడు, వాడికి పేరు ఉండదు.

ఇలాంటి కథలు నేనూ నాలుగు రాశాను. ఒకదానికి బహుమతి వచ్చింది. వేపచెట్టు నాదే.

కాకినాడ_కాజా

మూడేళ్లు మౌనంగా ఉండి ఒక్కసారే చెట్టు నరికారు.

బోస్టన్_బామ్మ

ఇక మన తెలుగు సినిమాల్లో గూర్ఖా, వడ్డీ సేటు, నత్తి ఇంగ్లీషు మలయాళీ నర్సు... వద్దులెండి, చర్చ పొడవవుతుంది.

ఇంకోసారి_చార్జర్

నేను ఇక్కడే పుట్టాను, తెలుగు టైపు చేయడం ఇప్పుడే నేర్చుకుంటున్నాను, తప్పులుంటే క్షమించండి. మీరు చెప్పే పుస్తకాలన్నీ అమ్మల గురించి. మా తరానికి సమస్య అపూ. 'ది సింప్సన్స్' అనే టీవీ కార్టూన్‌లోని భారతీయ దుకాణదారు. ఆ గొంతు ఇచ్చింది తెల్ల నటుడు. ఆరో తరగతిలో నన్ను ఆ యాసతో పిలిచేవారు. హరి కొండబోలు 2017లో దాని మీద డాక్యుమెంటరీ తీసినప్పుడు, తీసినవాడు తెలుగు ఇంటి అబ్బాయని మా నాన్న ఊరంతా చెప్పుకున్నారు. సినిమా మాత్రం చూడలేదు. 2020లో ఆ నటుడు ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు.

నవలల్లో నాకు నచ్చింది చార్ల్స్ యూ 'ఇంటీరియర్ చైనాటౌన్' (2020, నేషనల్ బుక్ అవార్డ్). మొత్తం సినిమా స్క్రిప్టులా ఉంటుంది. హీరో విల్లిస్ వూ, వాడి పాత్ర పేరు 'సాధారణ ఆసియా మనిషి'. ఎప్పటికైనా 'కుంగ్‌ఫూ వీరుడు' అవ్వాలని వాడి కల. మూసను తిట్టకుండా మూసలోనే కాపురం పెట్టించాడు. చదువుతుంటే నవ్వొస్తుంది, తరవాత కడుపులో ఏదోలా ఉంటుంది.

లెక్కలమాస్టారు

బాబూ, ఒక్క తప్పు కూడా లేదు. మా కాలేజీ విద్యార్థుల కన్నా నయం.

బోస్టన్_బామ్మ

మళ్లీ ఏమీ టాన్ దగ్గరకు వస్తాను, ఆవిణ్ణి అలా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. ఆ నవలలో ఒక విందు ఉంది. కూతురు తన తెల్ల ప్రియుణ్ణి పుట్టింటికి తెస్తుంది. తల్లి తన చేతివంటలో అన్నిటికన్నా గొప్పది వడ్డించి, ఇందులో ఉప్పు చాలలేదు, రుచి లేదు అంటుంది. అంటే ఏమిటో మనకు తెలుసు. 'అయ్యో, అమృతంలా ఉంది' అని రెండోసారి వడ్డించుకోవాలి. ఆ అబ్బాయి పాపం మర్యాదగా సోయాసాస్ సీసా తీసి దాని మీద ధారగా పోస్తాడు. కూతురు చూస్తూ ఉంటుంది.

మా పెద్దల్లుడు గుత్తివంకాయ మీద కెచప్ వేశాడు. మా ఆయన ఆ రోజు నుంచి ఆ సీసాను 'అల్లుడుగారు' అంటారు.

ఇది మూస అయితే, నాకు ఇంకో కిలో ఇవ్వండి.

రెండోముద్రణ

నవ్వి నవ్వి మా పాపను లేపాను. బామ్మగారూ, ఆ విందు దగ్గర మా బృందంలో కూడా అందరూ నవ్వారు, నాకన్నా గట్టిగా. అది గుర్తు పెట్టుకోకుండా నేను కుకీల పళ్లెమే గుర్తు పెట్టుకున్నాను. అదీ నిజమే.

వచ్చే నెల పుస్తకం ఎంపిక నా వంతు. సలహా ఇవ్వండి. తల్లీ కూతుళ్లు వద్దు.

పాతపుస్తకం

జాన్ ఒకాడా 'నో-నో బాయ్', 1957. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలవారిని అమెరికా శిబిరాల్లో పెట్టింది. 1943లో వాళ్లకే విధేయతా ప్రశ్నపత్రం ఇచ్చి, సైన్యంలో చేరతారా అని అడిగింది. సైన్యానికి కాదన్న ఇచిరో రెండేళ్లు శిబిరంలో, రెండేళ్లు జైలులో గడిపి సియాటిల్‌కు తిరిగి రావడంతో నవల మొదలు. వినయం లేదు, మార్కులు లేవు. అచ్చువేసిన 1500 ప్రతులు కూడా ఆయన బతికుండగా పూర్తిగా అమ్ముడుపోలేదు. 1971లో పోయారు. ఫ్రాంక్ చిన్ బృందం వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆయన భార్య మిగిలిన రాతప్రతులు తగలబెట్టేశారు, ఇస్తామంటే ఒక విశ్వవిద్యాలయం తీసుకోలేదట. వీళ్లే 1976లో దాన్ని తిరిగి అచ్చువేశారు. బామ్మగారూ, చిన్ కోపిష్టి అయినా ఈ పుణ్యం ఆయన ఖాతాలో రాయండి.

బోస్టన్_బామ్మ

రాశాను. కానీ ఆ నవలలో తల్లి ఎవరు? యుద్ధంలో జపానే గెలిచిందని నమ్మే మొండిమనిషి. ఏమీ టాన్ తల్లులు మూసలైతే ఈవిడెవరు? తల్లి వద్దన్నావిడకు మీరిచ్చింది మళ్లీ తల్లినే.

పాతపుస్తకం

...దొరికిపోయాను.

కాకినాడ_కాజా

బామ్మ 1, పాతపుస్తకం 0.

సుబ్బమ్మ_మనవరాలు

అయినా అదే పెట్టండి. బాగుంటుంది. మగ్గంగుంట గారూ, మీ నాన్నగారి జోకుల్లో ఒకటి ఇక్కడ రాయవచ్చు కదా.

మగ్గంగుంట

సభలో చెప్పేవి కావండి అవి. మా అమ్మనడిగి, పనికొచ్చేది ఉంటే రాస్తాను.

రెండోముద్రణ

ఒకాడా ఖాయం చేసి బృందానికి ఈమెయిల్ పెట్టాను. పావుగంటలో నిర్వాహకురాలి నుంచి జవాబు: చాలా సంతోషం, ఈ పుస్తకానికి తగ్గ చిరుతిండి ఏదైనా సూచిస్తారా, సుషీ తెప్పించమంటారా?

కాకినాడ_కాజా

ఈసారి ఫార్చూన్ కుకీలు పెట్టమనండి. జపాన్‌వే కదా.

రెండోముద్రణ

ఇచిరో జైలు నుంచి వచ్చాడు, ఏమీ వద్దని రాశాను. ఇంకా జవాబు రాలేదు.